అన్నానికి లెక్క ఉండాల్సిందే

నంద్యాల, ఆళ్ళగడ్డ పక్క ఎవరైనా ఇలాంటి ఆలోచన బయటపెట్టారనుకోండి: పది పదిహేను మంది ఆడవాళ్ళు కలిసి సొసైటీ పెట్టుకుంటారు, చుట్టుపక్కల రైతుల దగ్గర జొన్నలు, కొర్రలు, శనగలు గిట్టుబాటు ధరకు కొంటారు, ఒక వంటశాల నడుపుతారు, రొట్టె, సంగటి, పప్పు బస్టాండు దగ్గరా ఆఫీసుల దగ్గరా అమ్ముతారు, మిగిలింది మళ్ళీ ఆ పనికే పెడతారు. వెంటనే మూడు జవాబులు వస్తాయి. పెద్దవాళ్ళు ‘ఆకలైనోళ్ళకు అన్నం పెట్టాల గానీ అమ్ముకునేదేంది’ అంటారు. చదువుకున్నవాళ్ళు ‘అది గవర్నమెంటు చూసుకోవాల్సిన పని, అన్న క్యాంటీన్లు ఉన్నాయిగా’ అంటారు. వ్యాపారం తెలిసినవాళ్ళు ‘సేవ పేరుతో పెట్టిన హోటలు ఆర్నెల్లు నిలవదు’ అని తేల్చేస్తారు. మాటలు మూడు గానీ వాటి వెనక నమ్మకం ఒక్కటే. పేదవాడి తిండి దానంగా రావాలి, కాదంటే సర్కారు నుంచి రావాలి. దానికి వెల కట్టి, పద్దు రాసి, వండినవాళ్ళకు జీతమిచ్చి నడిపితే అందులో సేవ మిగలదు. ఈ నమ్మకం పాతది, మంచి మనసులోంచి పుట్టింది. అయినా తప్పు. ఈ తాలూకాల్లో పండే పంటకూ తినే నోటికీ మధ్య ఒక నిలకడైన సంస్థ పుట్టకుండా అడ్డుపడుతున్నవాటిలో డబ్బు లేమి కంటే ఈ నమ్మకానిదే ఎక్కువ పాలు.

ఈ సీమలో అన్నదానానికున్న పరువును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఉయ్యాలవాడ అనగానే రాష్ట్రమంతా నరసింహారెడ్డిని తలుచుకుంటుంది. అదే ఊరి బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో వేలమందికి గంజి పోసి బతికించి, విక్టోరియా రాణి పేర వచ్చిన బంగారు పతకం అందుకున్నాడు. అహోబిలం పోయినవాళ్ళు ఏదో ఒక సత్రంలో విస్తరి ముందు కూర్చోకుండా తిరిగి రారు. కాశినాయన పేర నల్లమల అంచు ఊళ్ళలో నడిచే ఆశ్రమాల్లో పొయ్యి ఆరదు. కానీ ఈ దానాలన్నీ లెక్క లేకుండా నడుస్తున్నాయనుకోవడం భ్రమ. ఏ సత్రం గోడ చూసినా రాతిపలకలు కనిపిస్తాయి: దాత పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం. శాశ్వత అన్నదానం అంటే బ్యాంకులో వేసిన డిపాజిట్టు, దాని మీద వచ్చే వడ్డీ, ఆ వడ్డీతో ఏటా ఫలానా తిథినాడు పెట్టే భోజనం. ఆశ్రమానికి వడ్ల మూట తోలే రైతు ఆ మూట వెల తెలియక తోలడు. అన్నానికి అక్కడా ధర ఉంది, తిన్నవాడి బదులు మరొకరు కడుతున్నారు. కరువులో, తీర్థంలో, తిరునాళ్ళలో అది సరైన పద్ధతే. వెంగళరెడ్డి గంజి ప్రాణాలు నిలబెట్టింది. అయితే ఏడాదికి మూడువందల అరవై ఐదు రోజులూ పనికి పోయి, ఇంటికొచ్చి వండుకునే ఓపిక లేని కూలీకి, ఆటో నడిపేవాడికి, హాస్టలు పిల్లకు కావలసిన తిండిని కరువు నాటి పద్ధతిలో పెట్టలేం.

అన్నం అమ్మడం మన సంస్కృతిలో లేదనేవాళ్ళు మన సంస్కృతిని సగమే చదివారు. వినుకొండ వల్లభరాయుడి పేర ప్రచారంలో ఉన్న క్రీడాభిరామం ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని నోరూరేలా వర్ణిస్తుంది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ లేకపోతే నాటకం సగం చప్పబడుతుంది. దిక్కులేని ఆడవాళ్ళు ఎందరో పూటకూళ్ళ ఇల్లు నడిపి సంసారం గట్టెక్కించుకున్న దేశం ఇది. డబ్బు తీసుకుని కడుపునిండా పెట్టడాన్ని అప్పుడెవరూ పాపమనలేదు, ఆ మాట ఎప్పుడు ఎక్కడినుంచి దిగిందో గానీ. చట్టమైతే ఈ విషయంలో మనకంటే తెలివిగా ఉంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఆహార వ్యాపారాన్ని నిర్వచిస్తూ లాభం కోసం నడిపేదైనా కాకపోయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఒకటేనంది. ఉచితంగా పెట్టినంత మాత్రాన నీళ్ళు శుభ్రమైపోవు, నూనె మంచిదైపోదు. వండి పదిమందికి పెట్టేవాళ్ళెవరైనా జవాబుదారులే.

ఇక దానంలో, సర్కారు పంపకంలో ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. పెట్టేవాడు ఏది పెడితే అదే తినాలి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. అది లక్షల ఇళ్ళలో పస్తులు తప్పించింది, ఆ మేలు కాదనలేం. కానీ రేషను అంగడికి తిండిగింజగా వచ్చింది ప్రధానంగా బియ్యమే. అప్పటిదాకా కేసీ కాలువ పారని మెట్ట పొలాల ఇళ్ళల్లో రోజువారీ తిండి జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి; వరన్నం పండక్కి. రేషను బియ్యం కుండలోకి వచ్చాక జొన్నకు అడిగేవాడు తగ్గాడు, కొర్రకు అసలే లేకుండా పోయాడు. నల్లరేగడిలో శనగ, పత్తి పెరిగాయి. దీనికి కాలువలు, కూలీ రేట్లు, పత్తి ధర కూడా కారణాలే గానీ తిండిగింజకు ఊళ్ళోనే ఉన్న గిరాకీ ఎండిపోవడం పెద్ద కారణం. విచిత్రం ఏమిటంటే, జొన్న, కొర్ర మీద దేశంలో మంచి పని చేసిన పరిశోధన స్థానాల్లో ఒకటి నంద్యాలలోనే ఉంది. 1906 నుంచీ నడుస్తున్న ఆ కేంద్రం ఎన్‌టీజే పేరుతో నంద్యాల తెల్లజొన్న రకాలిచ్చింది, సూర్యనంది లాంటి కొర్ర రకాలిచ్చింది. విత్తనం మన ఊరి నుంచి దేశమంతా పోతుంది, ఆ గింజ వండి అమ్మే వంటిల్లు మాత్రం మన ఊళ్ళో వెతుక్కోవాలి. ఇప్పుడు షుగరు జబ్బు పేరు చెప్పి కొర్రబియ్యం నగరాల్లో అందమైన ప్యాకెట్లలో మంచి ధరకు పోతున్నాయి. పండించిన తాలూకాలో కూలీ చేసేవాళ్ళు తెల్ల బియ్యమే తింటున్నారు.

సర్కారు క్యాంటీను మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు తేదీలు గుర్తు చేసుకోవాలి. అన్న క్యాంటీన్లు 2018 జూలైలో మొదలయ్యాయి. 2019లో ప్రభుత్వం మారింది, కొద్ది నెలల్లోనే మూతపడ్డాయి. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, ఆగస్టు 15న గుడివాడలో తిరిగి తెరుచుకున్నాయి. పూటకు 5 రూపాయలు పెట్టి కడుపు నింపుకునే అడ్డా కూలీకి ఆ క్యాంటీను ఎంత అవసరమో వాదించనక్కర్లేదు, నేను దాన్ని మూసేయమనడం లేదు. కానీ మధ్యలో ఆ ఐదేళ్ళు ఆ కూలీ ఆకలి ఎక్కడికీ పోలేదు. ఆ 5 రూపాయలు అసలు ఖర్చులో చిన్న ముక్క. మిగతాది ఖజానాదీ దాతలదీ కాబట్టి తాళం కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. కేరళలో కుటుంబశ్రీ సంఘాల మహిళలు నడిపిన జనకీయ హోటళ్ళు దీనికి ఇంకో ముఖం. 2020 నుంచి 20 రూపాయలకు భోజనం పెట్టారు, పూటకు 10 రూపాయలు ప్రభుత్వం కలిపింది. 2023 ఆగస్టులో ఆ సబ్సిడీ ఆగింది. బకాయిలు మెడకు చుట్టుకుని చాలా హోటళ్ళు కుదేలయ్యాయి, మిగిలినవి ధర పెంచి నిలబడే దారి చూసుకున్నాయి. కుదేలైనవాళ్ళదీ నిలబడ్డవాళ్ళదీ ఒకే వంట, ఒకే కష్టం. మొదటి రోజు నుంచే అసలు ధర మీద నడిచిన వంటిల్లు జీవో కోసం ఎదురు చూడదు.

‘లెక్క చూడని సేవ’ ఎవరి మెడ మీద నడుస్తుందో చూడాలంటే మన సర్కారు బడి వంటగది చాలు. మధ్యాహ్న భోజనం వండే మహిళకు రాష్ట్రంలో నెలకు 3,000 రూపాయలు ఇస్తారు. దాని పేరు గౌరవ వేతనం. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన చూస్తే ఆమెకిచ్చే గౌరవం పది రోజుల కూలీకి సరిపోదు. బియ్యం, గుడ్లు పైనుంచి వస్తాయి, కూరగాయలూ పోపు సామానూ వంట ఏజెన్సీ తెచ్చుకుని తర్వాత బిల్లు పెట్టుకోవాలి. బిల్లు ఆలస్యమైన నెలల్లో సరుకుల అంగడిలో ఆమె ఖాతా పెరుగుతుంది, అవసరమైతే చెవి కమ్మలు కుదువకు పోతాయి. అంటే ప్రభుత్వ పథకానికి పెట్టుబడి ఆ ఊరి పేద ఆడమనిషి సర్దుతోంది, వడ్డీ లేకుండా. ఆ పథకానికి ఇప్పుడు అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు. సీతమ్మ తన ఆస్తి కరిగించి పెట్టింది, ఎదుటి ఆడమనిషి పుస్తెలు తాకట్టు పెట్టించి పెట్టలేదు. ‘సేవకు జీతమేంటి’ అనే మాట ఎక్కువగా ఆడవాళ్ళ వంట దగ్గరే వినిపిస్తుంది; సిమెంటు రోడ్డు వేసే కాంట్రాక్టరును దేశసేవ కింద ఉచితంగా వేయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మరి లెక్కతో నడిపే వంటిల్లు ఎలా ఉంటుంది? జొన్నరొట్టెనే తీసుకుందాం, సాయంత్రమైతే మన టౌన్లలో రోడ్డు పక్క పొయ్యిల మీద కాలేదే. జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు లేదు. అందుకే మసిలే నీళ్ళు పోసి, చేయి కాలుతున్నా అరచేతి మడమతో మర్దించి, పీట మీద చిన్నగా తిప్పుకుంటూ తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్ళు రాయాలి, లేకుంటే అంచు పగులుతుంది. పిండి పాతదైతే ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా రొట్టె విరుగుతుంది. ఈ ఒక్క విషయంలోనే సంస్థ అవసరం దాగుంది. వారం వారం మర ఆడించుకునే సౌకర్యం ఉండాలి, అంటే జొన్నలు ఏడాది పొడవునా నిల్వ ఉండాలి, అంటే కోతల కాలంలో రైతు దగ్గర కొనడానికి డబ్బుండాలి. రోడ్డు పక్క ఒంటరిగా కూర్చున్న ఆమెకు ఇవేవీ లేవు. ఆమె అంగట్లో చిల్లరగా పిండి కొంటుంది, రోజు వడ్డీకి డబ్బు తెస్తుంది, తన కూలీ లెక్కేసుకోదు, కట్టెలకో గ్యాసుకో పోను మిగిలిందే లాభమనుకుంటుంది. కొర్రల సంగతి ఇంకా తిప్పలు. పైపొట్టు తీసే మిషను దగ్గర్లో లేకపోతే అమ్మకానికి సరిపడా కొర్రను బియ్యం చేయలేం. పొట్టు, తవుడు, నూక పోను చేతికొచ్చే బియ్యం ఎంతో ముందే లెక్క కట్టకపోతే ధర తప్పుతుంది. అలాంటి పది మంది ఒక సొసైటీగా చేరితే మిషను, గోదాము, కోతల నాటి కొనుగోలు మూడూ సాధ్యమవుతాయి. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పది వేరువేరు కుటుంబాల నుంచి పది మంది చాలు.

ఇది గాలిలో కట్టిన మేడ అనేవాళ్ళకు నంద్యాలలోనే జవాబుంది. కర్నూలు జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్, జనం నోట్లో విజయ డెయిరీ, ఈ ఊరి కేంద్రంగా నడిచేది ఇదే చట్టం కింద. పొద్దున, సాయంత్రం పల్లెలో పాలు పోస్తారు, వెన్న శాతం చూస్తారు, దాన్ని బట్టి డబ్బిస్తారు. పాలు పోసిన ఆమెను ‘పసిపిల్లల నోటి పాలు అమ్ముకుంటావా’ అని ఎవరూ నిలదీయరు. నంద్యాల నుంచి కర్నూలు పోయే దారిలోనే ఉన్న ఓర్వకల్లులో పొదుపు మహిళలు 1990లలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో మొదలై, మండల సంఘంగా ఎదిగి, సొంత బడి నడిపే దాకా వచ్చారు. ఈ ప్రాంతపు ఆడవాళ్ళకు పద్దు పుస్తకం కొత్త కాదు. వెలుగు పథకం రోజుల్లో పొదుపు సంఘాలు బియ్యం అప్పు నడిపాయి. రేషను పోను ఏ ఇంటికి ఎంత బియ్యం తక్కువో సంఘంలో కూర్చుని తేల్చి, టోకున కొని, కంతుల మీద ఇచ్చాయి. అందులో ఉచితం గింజ కూడా లేదు. పక్కనున్న పాత అనంతపురం జిల్లాలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ నీడలో 2008లో పుట్టిన ధరణి రైతుల సహకార సంఘం చిరుధాన్యాలు, వేరుశనగ కొని, శుభ్రం చేసి, తన పేరు మీద అమ్ముతోంది. ముంబైలో ఏడుగురు ఆడవాళ్ళు 1959లో 80 రూపాయల అప్పుతో అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టిన లిజ్జత్‌లో సభ్యురాలైన ప్రతి మహిళా యజమానే. వీటిలో ఏదీ లోపాల్లేనిది కాదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది, సరుకు తెచ్చేవాళ్ళో వండేవాళ్ళో సంస్థకు సొంతదారులు కావడం, ధర దాచకపోవడం.

‘మరి ఆ ధర కూడా ఇవ్వలేనివాళ్ళ మాటేమిటి?’ ఈ ఆక్షేపణకు బలముంది. ముసలి ఒంటరివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, పని దొరకని రోజు కూలీలు ఉంటారు. కానీ వాళ్ళకోసం అందరికీ ధర తగ్గించి సంస్థను ముంచాల్సిన పనిలేదు. జహీరాబాదు పక్క దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990లలోనే దీనికి దారి చూపారు. బీడు భూముల్లో జొన్న వేయడానికి రైతుకు అప్పిచ్చి, ఆ అప్పును గింజగా తిరిగి తీసుకుని ఊళ్ళోనే నిల్వ చేశారు. ఎవరు ఎంత పేదో ఊరివాళ్ళే బహిరంగంగా కూర్చుని తేల్చి, పేదరికాన్ని బట్టి తక్కువ ధరకు అమ్మారు. రాయితీ ఎవరికి, ఎంత, ఏ డబ్బులోంచి అన్నది అందరికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో స్థానిక ప్రభుత్వాలు రెండు వేలకు పైగా భోజనశాలలు నడిపాయి. ధర తక్కువే గానీ ఖర్చు రాబట్టుకోవాలన్నది నియమం. ‘సామూహిక భోజన కేంద్రాలు’ అన్న మొదటి పేరు చర్చిల్‌కు నచ్చలేదు, ‘బ్రిటిష్ రెస్టారెంట్లు’ అని మార్పించాడు. డబ్బిచ్చి తినేవాడు కూర బాగాలేదని అనగలడు, ఉచితంగా తినేవాడు అనలేడు. ధరలో ఆకలి తీర్చే గుణం లేకపోవచ్చు, తిన్నవాడి నోటికి హక్కు మాత్రం దానివల్లే వస్తుంది. మన సత్రాల దాతలు, మొక్కుబడి చెల్లించేవాళ్ళు ఇలాంటి వంటిల్లుకు నెలకిన్ని భోజనాల కూపన్లు కొని పెట్టొచ్చు. దానమూ నిలుస్తుంది, వంటామె కూలీ కూడా నిలుస్తుంది.

రాజకీయం మింగేస్తుందన్న భయం ఇంకొకటి. నిజమే. నంద్యాల పాల యూనియన్ పాలకవర్గం చుట్టూ ఏళ్ళ తరబడి నడిచిన పోటీలు జిల్లా అంతా చూసింది. పాల సంఘాలను తిరిగి 1964 నాటి సహకార సంఘాల చట్టం కిందికి, అంటే సర్కారు పెత్తనం కిందికి లాగడానికి 2006లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్నే సవరించింది. సుప్రీంకోర్టు 2011 సెప్టెంబరులో ఆ సవరణ చెల్లదంది. సంఘం విలువైనదైతేనే దానికోసం కొట్లాట వస్తుందని దీన్నిబట్టి తెలియాలి. ఊరికే పంచే చలివేంద్రం అధ్యక్ష పదవికి ఎవరూ కత్తులు నూరరు. పెత్తనం పట్టకుండా ఉండాలంటే చిన్న సొసైటీకి దొరికే రక్షణ నెలనెలా సభ్యుల ముందు చదివే జమాఖర్చు. నూనె ఎంతకు కొన్నారు, ఎన్ని రొట్టెలు మిగిలాయి, ఎవరికి ఎంత ముట్టింది. లెక్క సేవకు మైల అనుకునేవాళ్ళు ఈ రక్షణనే ముందుగా తీసి పారేస్తున్నారు.

చివరగా వ్యాపారస్తుల తీర్పు, ఇలాంటివి నిలవవని. చాలా నిలవలేదు, ఒప్పుకోవాల్సిందే. ఎందుకు పోయాయో కూడా చూడాలి కదా. గ్రాంటుతో మొదలై గ్రాంటుతో ఆగినవే ఎక్కువ. 2020 నాటి పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం ఒక్కో సంస్థకు మూడేళ్ళలో 18 లక్షల దాకా నిర్వహణ ఖర్చులిచ్చింది. సీఈఓ జీతం, ఆఫీసు అద్దె అందులోంచి వెళ్ళాయి. నాలుగో ఏడు నుంచి జీతం సరుకు అమ్మకంలోంచి రావాలి, సరుకు అమ్మకమే మొదలు కాని చోట ఆఫీసుకు తాళం పడింది. కావలసింది ఆ వరస తిప్పడం. ముందు పది రొట్టెలు అసలు ధరకు అమ్ముడుపోవాలి, తర్వాత మిషను, ఆ తర్వాతే బోర్డు. చిన్న ఆహార పరిశ్రమల కేంద్ర పథకం కింద పొదుపు సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం వచ్చే వీలు కల్పించారు; దాన్ని ప్రారంభోత్సవానికి కాకుండా కోతల నాటి జొన్నల కొనుగోలుకు వాడినవాళ్ళకే అది మూలధనం. గిరాకీ లేదనడానికి వీల్లేదు. అహోబిలం, మహానంది, యాగంటి యాత్రికులు, కాలేజీలు, హాస్టళ్ళు, నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక పెరిగిన ఆఫీసులు అన్నీ దగ్గర్లోనే ఉన్నాయి.

కాబట్టి ఈ రెండు తాలూకాల పెద్దలకు, సత్రాల కమిటీలకు, హాస్టళ్ళు చూసే అధికారులకు ఒకే విన్నపం. అలాంటి సొసైటీ మీ ఊళ్ళో మొదలైతే ఉచితంగా పెట్టమని అడక్కండి, రిబ్బను కత్తిరించడానికి పోకండి. వారానికి ఒక పూట మీ వంటలో జొన్నో కొర్రో పెట్టుకుని, ఆ సరుకో వంటో వాళ్ళ దగ్గరే వాళ్ళు చెప్పిన ధరకు కొనండి, బిల్లు ఆ నెల్లోనే కట్టండి.